స్విచ్ ఆపాక మిగిలేది

కార్తీకమాసంలో మా కాలనీ గుడికి ప్రవచనం చెప్పడానికి వచ్చిన పెద్దాయన ఒక సాయంత్రం శివానందలహరి దగ్గర ఆగి, భక్తి అంటే ఏమిటో వివరించారు. సూది సూదంటురాయిని ఎలా చేరుకుంటుందో మనసు ఈశ్వరుడి పాదాలను అలా చేరుకోవాలట. శంకరులు వరసగా చెప్పిన పోలికల్లో అదొకటి. వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అందరితోపాటు నేనూ తలూపాను. ప్రసాదాలయ్యాక పులిహోర దొన్నె చేత్తో పట్టుకునే ఆయన దగ్గరికి వెళ్లాను.

"స్వామీ, అంటుకోవడం దాకా బాగుంది. ఊడదీశాక ఆ సూది ఇంకో సూదిని లాగుతుంది కదండీ, దాన్ని ఏమనాలి?"

ఆయన నన్ను ఎగాదిగా చూసి "మీరు సైన్సు మాస్టారా?" అన్నారు.

"కాదండీ. గ్రైండింగ్ ఆపరేటర్ని."

1983 నుంచి 2018 దాకా బాలానగర్ టూల్‌రూముల్లో సర్ఫేస్ గ్రైండర్ మీదే బతికాను. ఆ మెషిన్ టేబుల్ మీద జాబ్‌ను, అంటే అరగదీయాల్సిన ముక్కను, పట్టి ఉంచేది ఎలక్ట్రోమాగ్నెటిక్ చక్. మేం మాగ్నెట్ అనేవాళ్లం. చూడటానికి ఇనప పీటలాగా ఉంటుంది. పైన నున్నటి పలక, పలక మీద అడ్డంగా ఇత్తడి చారలు, లోపల రాగి తీగ చుట్టలు. మెషిన్ పక్కన ఒక బాక్సు, అందులో ట్రాన్స్‌ఫార్మరు, రెక్టిఫైయరు, ఫ్యూజులు, ఒక రిలే. మా చక్‌కు వెళ్లేది 110 వోల్టుల డీసీ. స్విచ్ వేస్తే జాబ్ పలకకు అతుక్కుంటుంది. ఆపితే వచ్చేయాలి.

రాదు. నా మొదటి వారంలోనే రాలేదు. గట్టిపరిచిన డై స్టీలు ప్లేటు, అరచేయంత ఉంటుంది. స్విచ్ ఆపి లాగాను. గోళ్లు నొప్పెట్టాయి కానీ అది కదలలేదు. మళ్లీ స్విచ్ చూశాను, ఆఫ్‌లోనే ఉంది. మా ఫోర్‌మన్ తెనాలి వైపు మనిషి, చుట్ట వాసన. ఆయన నవ్వి, "ఆపినంత మాత్రాన వదులుతుందిట్రా? ఇంగువ కట్టిన గుడ్డ అది" అన్నాడు.

ఇంగువ తీసేశాక కూడా గుడ్డకు మిగిలేదాన్ని మనం వాసన అంటాం. వేదాంతులు కూడా అదే మాట పట్టుకున్నారు. చేసిన పని అయిపోతుంది, అనుభవించింది అయిపోతుంది, లోపల ఒక వాసన మిగిలి రేపటి పనిని తనవైపు లాగుతుంది. కరెంటు ఆగినా ఇనుములో పట్టు మిగిలిపోయే ఈ వెనకబాటుకు ఈవింగ్ అనే స్కాట్లండ్ ఇంజనీరు టోక్యోలో పాఠాలు చెప్పే రోజుల్లో, 1881లో, గ్రీకు నుంచి హిస్టెరిసిస్ అని పేరు తెచ్చిపెట్టాడు. మా ఫోర్‌మన్‌కు ఆయనెవరో తెలియదు. ఇంగువ మాత్రం తెలుసు.

మెత్తటి మైల్డ్ స్టీలు ముక్క అయితే స్విచ్ ఆపగానే దాదాపుగా చేతికి వచ్చేస్తుంది. ఫర్నేసులో కాలి గట్టిపడ్డ స్టీలే వదలదు. కష్టాల్లో కాలినవాళ్లు రాటుదేలి దేనికీ అంటుకోరని లోకం అనుకుంటుంది. నేను చూసింది తలకిందులు. మెత్తటివాళ్లు త్వరగా పట్టుకుంటారు, త్వరగా వదిలేస్తారు. కాలి గట్టిపడినవాడికి ఏదైనా ఒకసారి పట్టిందా, ఇక పట్టిందే.

మనకు పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడున్నాయి. మూడూ స్విచ్ ఆపడాలే. ప్రవచనం అయిపోయి చెప్పుల దగ్గరికి వచ్చేసరికి మొదటిది, పిల్లకు కొన్ని నెలలు వచ్చేసరికి రెండోది, కాటి నుంచి వచ్చి స్నానం చేసి కాఫీ తాగేసరికి మూడోది సమాప్తం. కరెంటు ఆగింది నిజమే, జాబ్ మాత్రం పలకను వదల్లేదు. వైరాగ్యం పుట్టినవాడు మాత్రం "నేను ఎప్పుడో ఆపేశాను" అంటాడు. అబద్ధం చెప్పడం లేదు పాపం, స్విచ్ వంకే చూసి చెబుతున్నాడు.

మరి వదిలించేదెలా? కరెంటును తిరగేసి పంపాలి. ఇక్కడే కొత్త కుర్రాళ్లంతా ఒకే తప్పు చేస్తారు, నేనూ చేశాను. పాత బాక్సుల్లో ఇలా పట్టు వదిలించడం, అంటే డీమాగ్, చేత్తోనే. రివర్స్ స్విచ్‌ను క్షణం తట్టి వదలాలి. "తిరగేస్తే వదులుతుంది" అన్నారు కదా అని నేను దాన్ని తిప్పి అలాగే పట్టుకున్నాను. జాబ్ ఒక్క క్షణం సడలి, మళ్లీ కరుచుకుంది. ఉత్తరం దక్షిణమైంది, అంతే.

ప్రేమించినదాన్ని ద్వేషించడం మొదలుపెడితే విడిపోయినట్టు కాదని భాగవతం చెప్పకపోలేదు. జయవిజయులు మూడు జన్మల వైరంతోనే తిరిగి స్వామిని చేరారు. హిరణ్యకశిపుడికి విష్ణువు తప్ప ఇంకో ధ్యాస ఉందా? తాగుడు మానినవాడు తాగేవాళ్ల మీద రోజంతా రుసరుసలాడుతుంటే, అతనింకా సీసాకు అతుక్కునే ఉన్నాడని నాకనిపిస్తుంది, రెండో ధ్రువంతో.

అసలు డీమాగ్ ఇలా జరుగుతుంది. ఒకసారి వెనక్కి. తర్వాత ముందుకి, కాస్త తక్కువ బలంతో. మళ్లీ వెనక్కి, ఇంకా తక్కువ. అలా అటూ ఇటూ ఊగుతూ సున్నాకు దిగాలి. కొత్త బాక్సులు బటన్ నొక్కితే కొన్ని సెకన్లలో ఆ పని వాటంతటవే చేస్తాయి. లోపల రిలేలు టకటకమంటూ ఉంటే జాబ్ మీద వేలు ఉంచి చూడండి, సన్నగా వణుకుతుంది. విద్యారణ్యులు జీవన్ముక్తి వివేకంలో జ్ఞానం కలిగినంత మాత్రాన చాలదు, వాసనాక్షయం వేరే సాధించాలి అన్నారు. మలిన వాసనలకు ఎదురుగా మైత్రి, కరుణ లాంటి శుభవాసనలు పెట్టమన్నారు, చివరికి ఆ శుభవాసనలనూ పల్చబడనిమ్మన్నారు. ఎదురు కరెంటు పెట్టాలి, ఆ ఎదురు కరెంటునూ తగ్గించుకుంటూ పోవాలి. ఈ రెండో సగం మనవాళ్లకు గుర్తుండదు.

శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలోనూ సూదంటురాయిని తెచ్చారు, ఈసారి సాంఖ్యులతో వాదానికి. పురుషుడు తాను కదలడు, దగ్గర ఉన్నంత మాత్రాన ప్రకృతిని కదిలిస్తాడు, అయస్కాంతం ఇనుమును కదిలించినట్టు, అని వాళ్ల మాట. ఆయన జవాబు నాబోటివాడికి పండగ. ఎప్పుడూ దగ్గరే ఉంటే కదలిక కూడా ఎప్పుడూ ఆగకుండా ఉండాలి కదా. అయస్కాంతం అలా కాదు, దాన్ని దగ్గరికి తేవాలి, తుడవడం లాంటి పనులు చేయాలి, అన్నారు. తుడవడం! ఆ మాట చదివినప్పుడు, ఈయనకు తప్పకుండా ఏ కమ్మరో స్నేహితుడై ఉంటాడనుకున్నాను.

ఎందుకంటే మాగ్నెట్ పనిలో సగం తుడవడమే. పొద్దున్నే మొదట రబ్బరు పట్టీతో కూలెంటు బురద నెట్టేసి, తర్వాత పొడిగుడ్డతో తుడిచి, చివరికి అరచేయి ఆనించి రాస్తాం. గుడ్డకు తెలియని రేణువు అరచేతికి తెలుస్తుంది. చేతికి బర్, అంటే లేచిన గరుకు, తగిలితే ఆయిల్ స్టోన్ పడుకోబెట్టి రెండు రుద్దులు. జాబ్ కింద ఒక్క ఇసుక రేణువు ఉన్నా పని మైక్రాన్లలో తప్పుతుంది, పట్టూ తగ్గుతుంది. బురద అంటిన సూదిని అయస్కాంతం లాగదని రామకృష్ణ పరమహంస అన్నారు, కన్నీళ్లతో ఆ బురద కడగమన్నారు. ఆయనది దక్షిణేశ్వరం, మాది బాలానగర్, బురద ఒక్కటే.

పల్చటి ప్లేటు సంగతి కూడా చెప్పాలి, అది నాకు చాలా విషయాలు నేర్పింది. మూడు మిల్లీమీటర్ల ప్లేటు ఒకటి వంకరగా ఉందనుకోండి. ఫుల్ పవర్ ఇస్తే మాగ్నెట్ దాన్ని పలకకు అదిమేస్తుంది. వంకర మాయం. గ్రైండింగ్ వీల్ దాన్ని అద్దంలా చేస్తుంది. స్విచ్ ఆపి, డీమాగ్ చేసి తీస్తే మళ్లీ స్ప్రింగులా లేచి అదే వంకర, కాకపోతే ఇప్పుడు మెరుస్తున్న వంకర. మా వీధిలో నలభై ఒక్క రోజులు అయ్యప్ప దీక్షలో చన్నీళ్ల స్నానంతో, నేల పడకతో నిటారుగా ఉండి, మాల తీసిన రాత్రే బార్‌లో కనబడ్డ మనిషి ఉన్నాడు. దీక్షది తప్పు అనను. బలం పెట్టి అదిమితే జరిగేది అదే అంటున్నాను. ప్లేటు విషయంలో మాకు తెలిసిన ఉపాయం: దాని వంకరను ఉన్నదున్నట్టు ఉండనిచ్చి, కింద ఖాళీ ఉన్నచోట సన్నటి షిమ్ రేకు దూర్చి, పట్టు తగ్గించి, సన్నటి కోతలు పెట్టి, తిరగేసి, మళ్లీ తిరగేసి, ఓపిగ్గా వంకరనే అరగదీయడం. రెండు గంటల పని. ఏ ఓనరూ ఆ రెండు గంటలకు సంతోషంగా డబ్బులివ్వడు.

ఇంతవరకూ వదలడం గురించే చెప్పాను. వేదాంతం వినేవాళ్లలో నాకు నచ్చనిది ఒకటుంది: వదలడమే గొప్ప, పట్టుకోవడం అజ్ఞానం అన్నట్టు మాట్లాడతారు. వీల్ తిరుగుతుండగా మాగ్నెట్ వదిలితే ఏమవుతుందో వాళ్లు చూడలేదు. 200 మిల్లీమీటర్ల వీల్, నిమిషానికి 2,800 చుట్లు. అంచు దగ్గర సెకనుకు 29 మీటర్ల వేగం, అంటే గంటకు 100 కిలోమీటర్లు దాటిన లారీ. కరెంటు పోయిందనుకోండి, 2012లో పవర్ హాలిడేలప్పుడు ఎన్నిసార్లు పోయేదో. మోటారు ఆగినా వీల్ ఆగదు, తన ఊపు మీద తాను తిరుగుతూనే ఉంటుంది. సాంఖ్యకారిక జ్ఞాని శరీరాన్ని పోల్చిన కుమ్మరి చక్రం అదే, కుండ దించేశాక కూడా తిరిగేది. మాగ్నెట్‌లోనూ పాత పట్టు కొంత మిగులుతుంది. కానీ రెండు వాసనలూ సమానం కావు. చక్రం వాసన బలమైనది, పట్టు వాసన బలహీనమైనది. అందుకే కరెంటు పోగానే జాబ్ వైపు చెయ్యి పెట్టకూడదు, వీల్‌కు ఎదురు వరసలో నిలబడకూడదు. పొడవాటి, చిన్న అడుగున్న జాబ్‌లకు ముందూ వెనకా ఇనప స్టాపర్లు పెట్టాలి. ఇత్తడి, అల్యూమినియం లాంటివాటికి మాగ్నెట్ అంటే ఏమిటో తెలియదు, వాటికి స్టాపర్ల లాంటివే దిక్కు.

బాక్సులోని రిలే పని ఇదే. చక్‌కు వెళ్లే కరెంటు తగ్గితే అది పడిపోయి వీల్ మోటారును, టేబుల్‌ను ఆపేస్తుంది. "నా దగ్గర పట్టు లేదు, నువ్వు పని చేయకు" అని చెప్పేది అదొక్కటే.

1991లో నేను ఆ నోరు నొక్కాను.

అప్పుడు ఒక చిన్న షాపులో చేస్తున్నాను. సాయంత్రానికి పంచ్‌లు డెలివరీ. పొద్దుట్నుంచి రిలే నాలుగుసార్లు పడింది. పడ్డప్పుడల్లా మెషిన్ ఆగడం, జాబ్ మీద గీత పడటం, మళ్లీ సెట్టింగ్. బాక్సు మూత తీసి, రెండంగుళాల వైరు ముక్కతో ఆ రిలే కాంటాక్టుకు అడ్డదారి వేశాను. ఇక ఆగలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, నిలువుగా పెట్టిన ఒక పంచ్ బ్లాకు వీల్ కింద ఒరిగింది. దానికి స్టాపరు కూడా పెట్టలేదు. వీల్ పగిలింది. గార్డు చాలావరకు ఆపింది కానీ ఒక ముక్క, పక్కన కూలెంటు తుడుస్తున్న మా హెల్పర్ కుర్రాడి కుడి మోచేతికి తగిలింది. ఎముక విరిగింది. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేడు.

అందరూ అతణ్ణి ఆటోలో ఎక్కిస్తున్నారు. నేను బాక్సు మూత తీసి, వైరు ముక్క పీకి, జేబులో వేసుకున్నాను. మెయిన్ కూడా ఆపలేదు. చక్ ఆన్‌లో ఉండగా బాక్సులో చెయ్యి పెట్టి కాయిల్ వైరు కదిలిస్తే ఎంత ప్రమాదమో నేనే కుర్రాళ్లకు చెప్పేవాణ్ణి: ఆ కాయిల్ కూడా ఒక్కసారిగా వదలమంటే ఒప్పుకోదు, వందల వోల్టులతో ఎదురు తిరుగుతుంది, అందుకే అది నెమ్మదిగా చల్లబడటానికి దారి ఒకటి పెడతారు. ఆ రోజు ఆ చదువంతా ఏమైందో. రిపోర్టులో "జాబ్ జారింది" అని రాశారు. మర్నాడు ఎలక్ట్రీషియన్ చక్ కింద కేబుల్ జాయింటు విప్పితే కూలెంటు దిగి రాగి పచ్చబడి, పోగులు రెండు మూడే మిగిలి ఉన్నాయి. రిలే పొద్దుట్నుంచీ నిజమే చెబుతోంది.

తిరుపతి వెళ్లి గుండు చేయించుకున్నాను. హుండీలో నెల జీతం వేశాను. వైరు ముక్క మాత్రం ఇంట్లో పాత హార్లిక్స్ సీసాలో, స్క్రూల మధ్య ఉండిపోయింది. పారేద్దామని చాలాసార్లు తీశాను. తొమ్మిదేళ్లు అతనికి ఎదురుపడలేదు. జీడిమెట్లలో స్పేర్ పార్టుల దుకాణం పెట్టుకున్నాడని తెలిసి, 2000లో దసరా ముందు రోజు వెళ్లి చెప్పాను. చెబుతుంటే నోరు ఎండిపోయింది. అతను టీ గ్లాసులు రెండూ కడిగి, వచ్చి కూర్చున్నాడు.

"నువ్వు వైరు పెట్టేటప్పుడు టార్చి పట్టింది నేనే గదా అన్నా" అన్నాడు.

నాకు గుర్తే లేదు. ఆ టార్చి వెలుగు, ఆ చెయ్యి, ఏవీ గుర్తు లేవు. తొమ్మిదేళ్లు నేను దాచింది, దాచవలసిన మనిషికి మొదటి నిమిషం నుంచీ తెలుసు. అదృష్టం అనే మాటను మనం లాటరీకి వాడతాం గానీ, వైశేషికంలో కణాదుడు సూది అయస్కాంతం వైపు నడవడానికి కారణం అదృష్టం అన్నాడు, అంటే కంటికి కనబడనిది. నన్ను ఆ దుకాణం దాకా లాగింది ఏదో నాకు కనబడలేదు. అతనికి కనబడిందేమో.

చెప్పేశాను కాబట్టి ఊడిపోయిందనుకున్నాను. ఊడలేదు, తిరగబడింది. నెలనెలా వెళ్లడం మొదలుపెట్టాను. పిల్లల ఫీజులన్నాను, బియ్యం బస్తా అన్నాను, మందులన్నాను. ఒకరోజు అతని భార్య తలుపు దగ్గరే నిలబడి లోపలికి రమ్మనలేదు. అతను బయటికి వచ్చి, "అన్నా, వచ్చినప్పుడల్లా పైసలు తేకు. ఊరికె రా" అన్నాడు. రివర్స్ స్విచ్ తిప్పి అలాగే పట్టుకున్న కుర్రాణ్ణి మళ్లీ నేనే. తర్వాత కొన్నాళ్లు వెళ్లడం మానేశాను, అలిగాను కూడా, సిగ్గులేకుండా. మళ్లీ వెళ్లాను, ఖాళీ చేతులతో. ఇలా ఎన్ని ఊపులో లెక్కపెట్టలేదు. ఇప్పుడు అతనే ఫోన్ చేసి షుగర్ ఎంతుంది, క్రికెట్ చూశావా అని అడుగుతాడు. చెయ్యి గురించి మాట వస్తే వస్తుంది, రాకపోతే లేదు.

పూర్తిగా పోయిందా అంటే, డై స్టీలుకు పూర్తిగా పోదు. జాబ్ తీశాక గుండుసూది దగ్గరగా పెట్టి చూస్తాం. సూది కదలకపోతే పంపించేస్తాం. ఇనుములో మాగ్నెట్ నామరూపాల్లేకుండా పోవాలంటే 770 డిగ్రీలు దాటి కాల్చాలి. గీతలో చెప్పిన జ్ఞానాగ్ని అలాంటిదే కావచ్చు. కానీ ఆ వేడికి పంచ్ గట్టిదనమూ పోతుంది, ఆ తర్వాత అది దేన్నీ కోయలేదు. పనికొచ్చే స్టీలుగా ఉంటూనే సూదిని కదపకుండా ఉండటం నాకు చాలు. గుడిలో అడిగిన మర్నాడు ప్రవచనం పెద్దాయనకు ఇదే చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "దాన్నే జీవన్ముక్తి అంటారేమో" అన్నారు. అంత పెద్ద మాట నాకొద్దన్నాను.

వచ్చే దసరాకు మీ షాపులో ఆయుధపూజ చేస్తారు కదా. పసుపూ కుంకుమా బాక్సుకు పెట్టండి, చక్ పలక మీద వద్దు. గుండెకు పేస్‌మేకర్ ఉన్న తాతలెవరైనా పూజకు వస్తే మాగ్నెట్ దగ్గరికి రానివ్వకండి. గుమ్మడికాయ కొట్టే ముందు మెయిన్ ఆపి, తాళం వేసి, ఎలక్ట్రీషియన్ చేత ఆ బాక్సు మూత ఒకసారి తీయించండి. రిలే దగ్గర అడ్డంగా చిన్న వైరు ముక్క కనబడితే పీకించేసి, చక్ కింద కేబుల్ జాయింటు చూడండి. ఆ ముక్క పెట్టినప్పుడు టార్చి ఎవరు పట్టారో కూడా అడగండి.